నాలుగు పళ్ళు అరగదీయించుకున్నాక

ముందే చెప్పేస్తున్నాను, నేను డాక్టర్ని కాదు. ఇంటర్ పిల్లలకి తెలుగు చెప్పుకునే లెక్చరర్ని. ఉత్పలమాలకి గణాలేమిటంటే నిద్రలో లేపి అడిగినా చెబుతాను గానీ ఎముకలూ నరాలూ నా సబ్జెక్టు కాదు. కాకపోతే నాలుగేళ్ళుగా నా దవడ నన్ను వదలడం లేదు. దాని పుణ్యమా అని అవసరానికి మించే చదివాను, ఈ మధ్యలో మా వదినకి ఒక తప్పు సలహా కూడా ఇచ్చాను. ఆ సలహా సంగతి లోపల తొలుస్తూ ఉండబట్టే ఇదంతా రాస్తున్నాను.

మొదలైంది స్పాట్ వాల్యుయేషన్ రోజుల్లో. ఆ ఏడాది మా అత్తయ్య తుంటి ఎముక విరిగి మంచంలో ఉన్నారు. రాత్రి మూడు నాలుగుసార్లు లేవాల్సి వచ్చేది. తెల్లారితే గుంటూరు క్యాంపుకి పరుగు, సాయంత్రం దాకా తల వంచుకుని పేపర్లు దిద్దడం. ఒక మధ్యాహ్నం క్యారేజీ విప్పి చపాతీ నములుతుంటే కుడి చెవి ముందు ‘టక్’మంది. పక్కన కూర్చున్న మేడం కూడా విన్నారు, ఏదో విరిగిందనుకున్నారు పాపం. వారం తిరిగేసరికి ఆ చెవిలోనే పోటు.

చెవిపోటు అంటే ఎవరైనా చెవి డాక్టర్ దగ్గరికే వెళ్తారు. ఆయన లైటు వేసి చూసి, చెవి శుభ్రంగా ఉందమ్మా అని చుక్కల మందు రాసిచ్చారు. శుభ్రంగా ఉన్న చెవికి మందెందుకని అడగాలని అప్పుడు తోచలేదు. తర్వాత కింది దవడ పన్ను లాగడం మొదలైంది. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు, ఏమీ లేకపోయినా రూట్ కెనాల్ చేసేద్దామా అన్నారు ఒక డెంటిస్టు. అక్కణ్ణుంచి జారుకుని ఇంకొకరి దగ్గరికి పోయాను.

ఆ రెండో ఆయన నోట్లో నీలం కాగితం పెట్టి కొరకమన్నారు. పళ్ళ మీద నీలం మచ్చలు పడ్డాయి. అద్దం చేతికిచ్చి, ‘‘ఇదిగో, ఇక్కడ మీ పళ్ళు ఎత్తుగా తగులుతున్నాయమ్మా, అందుకే దవడ పక్కకి జరుగుతోంది, కీలు మీద భారమంతా పడుతోంది’’ అన్నారు. ఆ మాట విన్నప్పుడు ఎంత హాయిగా అనిపించిందో! ఆరు నెలలుగా పేరూ ఊరూ లేని నొప్పికి అద్దంలో చూడగలిగే కారణం దొరికింది. నాలుగు పళ్ళు అరగదీశారు, పావుగంట పని.

మర్నాటికే సగం తగ్గింది. వారానికి నొప్పి అన్నదే లేదు. స్టాఫ్ రూములో ఆయన పేరు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను. మావారి అక్కకి, అంటే మా వదినకి, ఎడమ దవడ అప్పుడప్పుడు పట్టేస్తుండేది. నేనే ఫోన్ చేసి, ‘‘వదినా, ఇంకేం ఆలోచించకండి, రేపే వెళ్ళండి’’ అన్నాను. ఆవిడ వెళ్ళారు.

నాకు ఆరు వారాలకి నొప్పి మళ్ళీ వచ్చింది, ఈసారి మెడ దాకా. చెబితే, ఇంకొంచెం అరగదీద్దాం అన్నారు.

అప్పుడు మొదలుపెట్టాను చదవడం. అన్నిటికంటే ముందు చెంప ఛెళ్ళుమనిపించింది 1976లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన ఒక చిన్న అధ్యయనం. గుడ్‌మన్, గ్రీన్, లాస్కిన్ అని ముగ్గురు. దవడ నొప్పి ఉన్న 25 మందిని కూర్చోబెట్టి, మీ పళ్ళ కలయిక సరిచేస్తున్నాం అని చెప్పారు, అరగదీస్తున్నట్టు నటించారు, కలిసే చోట్లని మాత్రం మార్చనే లేదు. ఉత్తుత్తి వైద్యం. 25 మందిలో 16 మందికి నొప్పి పూర్తిగానో దాదాపు పూర్తిగానో పోయింది. అంటే వందకి 64 మంది. నా ఆరు వారాలకి లెక్క అక్కడ దొరికింది. డాక్టరు నమ్మకంగా చెప్పడం, నేను నమ్మడం, ఎలాగూ హెచ్చుతగ్గులయ్యే నొప్పి సరిగ్గా అప్పుడే తగ్గుముఖం పట్టడం, ఇన్ని కలిశాయి. పనిచేసింది యంత్రం కాదు. ఆ 16 మంది పళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి, నావి నాలుగు అరిగిపోయాయి, అదొక్కటే తేడా.

ఇది నేను పుట్టకముందు తేలిన సంగతి. మళ్ళీ 2003లో కోక్రేన్ వాళ్ళు, అంటే ఏ వైద్యం పనిచేస్తుందో చూసే పరీక్షలన్నిటినీ ఒకచోట పోసి జల్లెడ పట్టే సంస్థ, పళ్ళు అరగదీసి సరిచేయడం మీద జరిగిన పరీక్షల్ని వడబోశారు. లెక్కకి నిలిచినవి ఆరు, వాటిలో 392 మంది రోగులు. ఆ పద్ధతి ఈ నొప్పిని తగ్గిస్తుందనడానికీ, రాకుండా ఆపుతుందనడానికీ ఆధారం లేదని తేల్చారు. మరి నా నోట్లోకి ఆ యంత్రం వచ్చింది ఆ తర్వాత ఇరవై ఏళ్ళకి కదా, అదీ నా కోపం. ఆ డాక్టర్ ఒక్కడి మీద కాదు. ఆయన చెడ్డవాడని నేననుకోను, చదువుకున్నప్పుడు నేర్పిందే చేశాడు.

ఆ నేర్పిన పాఠం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూస్తే నాకు నవ్వొచ్చింది. 1934లో అమెరికాలో సెయింట్ లూయిస్ అనే ఊళ్ళో జేమ్స్ కాస్టెన్ అనే డాక్టర్ ఉండేవాడు. పళ్ళ డాక్టర్ కాదు, చెవి ముక్కు గొంతు డాక్టర్! చెవినొప్పి, చెవిలో హోరు, తలనొప్పి అని వచ్చిన పదకొండు మంది రోగుల్ని చూసి, వెనక పళ్ళు పోవడం వల్ల దవడ మరీ ఎక్కువగా మూసుకుంటోందనీ, కీలు వెనక్కి జరిగి నరాల్నీ చెవి గొట్టాన్నీ నొక్కేస్తోందనీ సిద్ధాంతం చేశాడు. దానికి ఆయన పేరే పెట్టారు, కాస్టెన్ సిండ్రోమ్ అని. ఆ నొక్కుడు శరీర నిర్మాణం ప్రకారం కుదరదని తర్వాతి దశాబ్దాల్లో శాస్త్రవేత్తలు చూపించారు, పేరు కూడా మెల్లగా వాడుకలోంచి పోయింది. కానీ పళ్ళు కారణం, కీలు బాధితురాలు అన్న కథ మాత్రం డెంటల్ కుర్చీ పక్కన స్థిరపడిపోయింది. ఎందుకంటే ఆ కథ ప్రకారం ఏం చేయాలో కుర్చీ పక్కనున్న మనిషికి తెలుసు, చేతిలో పనిముట్టు ఉంది. నీలం మచ్చ కనబడుతుంది, దాన్ని చెరిపేయొచ్చు. నొప్పి కనబడదు కదా.

ఇక్కడ కీలు గురించి కాస్త చెప్పాలి. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరవండి, కదులుతుందే, అదే. మన ఒంట్లో ఇంత విచిత్రమైన కీలు ఇంకోటి లేదేమో. ముందు తలుపు బందులా తిరుగుతుంది, తర్వాత సొరుగులా ముందుకి జారుతుంది. పైగా కుడీ ఎడమా రెండు కీళ్ళు ఒకే ఎముకకి ఉన్నాయి కాబట్టి ఒకటి కదిలితే రెండోది ఊరుకోలేదు. మధ్యలో చిన్న మెత్తటి బిళ్ళ, డిస్క్ అంటారు. అది కాస్త ముందుకి జారి, నోరు తెరిచినప్పుడు మళ్ళీ చోటుకి వచ్చేటప్పుడు చేసే చప్పుడే ఆ ‘టక్’. చప్పుడు వినగానే ఏదో ఊడిపోయిందని గుండె ఝల్లుమంటుంది గానీ, 1996లో ఏ నొప్పీ లేని 76 మందికి ఎమ్మారై తీసి చూస్తే అందులో 25 మందికి బిళ్ళ పక్కకి జరిగే ఉంది. ప్రతి ముగ్గురిలో ఒకరు! వాళ్ళెవరూ ఏ డాక్టర్ దగ్గరికీ పోలేదు, జంతికలు కరకరలాడిస్తూ బతికేస్తున్నారు. నొప్పి లేకుండా ఉత్త చప్పుడు ఉంటే ఏ వైద్యమూ అక్కర్లేదని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్న మాట.

కానీ కీలు లోపలి బొమ్మలు తీయడం వచ్చిన కొత్తలో అలా ఒప్పుకోలేదు. బొమ్మలో బిళ్ళ జరిగి కనిపించింది కాబట్టి బిళ్ళే దోషి అనుకున్నారు. తీసేసి కొత్తది పెడదాం అన్నారు. ఆ తర్వాత జరిగింది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

హ్యూస్టన్‌లో వైటెక్ అనే కంపెనీ ప్రోప్లాస్ట్, టెఫ్లాన్ కలిపి దవడ కీలులో పెట్టే బిళ్ళలు చేసింది. టెఫ్లాన్ అంటే మన నాన్‌స్టిక్ పెనం మీద ఉండే పూతే. పాత పెనం సంగతి ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది, గరిటె తగిలితే రేకులు లేస్తుంది. 1983లో ఎఫ్‌డీఏ, అంటే మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ, దీనికి దారి ఇచ్చింది, ఇలాంటి సరుకు ఇదివరకే మార్కెట్లో ఉంది కాబట్టి మనుషుల మీద విడిగా పరీక్షలు అక్కర్లేదనే పద్ధతిలో. రోజుకి వేలసార్లు నమిలే కీలులో ఆ బిళ్ళ పొడిపొడి అయింది. ఆ పొడిని తరిమేయడానికి ఒంట్లోని కణాలు దాడికి దిగి, పక్కనున్న ఎముకనే తినేశాయి. కొందరికి పుర్రె ఎముక పలచబడి చిల్లి పడింది. 26,000కి పైగా బిళ్ళలు పంపిణీ అయ్యాక, 1990లో కంపెనీ దివాలా తీసింది, బిళ్ళల్ని వెనక్కి రప్పించారు. కీలులోంచి బిళ్ళ తీసేసినా పోయిన ఎముక రాదు కదా. ఒక్కొక్కరు పదేసి ఆపరేషన్లు చేయించుకున్నారు.

ఆ బాధితుల్లోంచే మిల్వాకీలో టెర్రీ కౌలీ అనే ఆవిడ లేచింది. 1986లోనే టీఎంజే అసోసియేషన్ అని రోగుల సంఘం పెట్టింది (టీఎంజే అంటే ఈ దవడ కీలుకి ఇంగ్లీషు పొట్టి పేరు). ఈ జబ్బు మీద నిజమైన పరిశోధనకి డబ్బు పెట్టండి అని ఏళ్ళ తరబడి వాషింగ్టన్‌లో తలుపులు కొట్టింది. ఈ రంగంలో ఇవాళ మంచి పరిశోధన అని చెప్పుకునేదాని వెనక డాక్టర్ల కంటే ఈ రోగుల గోలే ఎక్కువుందని నా అభిప్రాయం.

2007లో వచ్చిన ఇంకో పరీక్ష ఉంది, మిన్నెసోటాలో జరిగింది. బిళ్ళ జారి నోరు తెరుచుకోక ఇరుక్కుపోయిన 106 మందిని చీటీలు తీసినట్టు నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకి మందులూ సలహాలూ, ఒక గుంపుకి వ్యాయామాలతో పునరావాస చికిత్స, మిగతా రెండింటికి రెండు రకాల ఆపరేషన్లు. ఐదేళ్ళు వెంటబడి చూశారు. నాలుగు గుంపులూ ఇంచుమించు ఒకేలా బాగుపడ్డాయి. ఇరుక్కుపోయిన కీలు విషయంలోనే ఇలా ఉంటే, నాలాంటి కండరాల నొప్పికి కత్తీ యంత్రమూ ఎందుకు?

సరే, పళ్ళూ కాదు, బిళ్ళా కాదు, మరేమిటి? దీనికి సూటి జవాబు కోసం చాలా వెతికాను. దొరికినవాటిలో గట్టిది ఒప్పేరా అనే అధ్యయనం. విలియం మేక్స్‌నర్ అనే నొప్పి శాస్త్రవేత్త నాయకత్వంలో అమెరికాలో నాలుగు యూనివర్సిటీలు కలిసి చేశాయి. దీని గొప్పతనం ఏమిటంటే, నొప్పి వచ్చాక కారణాలు వెతకలేదు. దవడ నొప్పి ఎప్పుడూ లేని, 18 నుంచి 44 ఏళ్ళ మధ్య మనుషుల్ని ముందే తీసుకుని, వాళ్ళ నిద్ర, మనసు, ఒంటి నొప్పులు, జన్యువులు, నొప్పిని ఓర్చుకునే తీరు అన్నీ కొలిచి పెట్టుకుని, ఎవరికి వస్తుందా అని కాచుకు కూర్చున్నారు. వెంబడించిన 2,737 మందిలో 260 మందికి వచ్చింది, అంటే ఏడాదికి వందకి దాదాపు నలుగురు చొప్పున. ఎవరికి వచ్చింది? ఒంట్లో వేరే చోట్ల కూడా నొప్పులున్నవాళ్ళకి, తలనొప్పీ నడుం నొప్పీ కడుపు బాధలూ తరచుగా ఉండేవాళ్ళకి, పళ్ళు బిగబట్టే అలవాటుందని చెప్పినవాళ్ళకి, నిద్ర సరిగా లేనివాళ్ళకి. నిద్ర సంగతైతే మరీ విశేషం. నొప్పి మొదలవడానికి ముందు నెలల్లోనే వాళ్ళ నిద్ర క్రమంగా చెడుతూ వచ్చింది. నొప్పి వల్ల నిద్ర పోలేదు అనుకుంటాం గానీ, నిద్రే ముందు పోయింది.

అది చదివి పుస్తకం మూసేసినట్టు ల్యాప్‌టాప్ మూసేశాను. మా అత్తయ్య మంచం, రాత్రిళ్ళు మూడుసార్లు లేవడం, దిద్దిన పేపర్ల కట్టలు, అన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. ఇన్ని కుర్చీల్లో కూర్చున్నాను, ఎలా పడుకుంటున్నావమ్మా అని ఒక్కరూ అడగలేదు. నా నోరు తెరిపించారు గానీ మాట్లాడనివ్వలేదు.

ఇంకోటి కూడా అందులోనే తేలింది. ఆస్పత్రుల్లో ఈ నొప్పితో కనిపించేది ఎక్కువగా ఆడవాళ్ళే. కానీ కొత్తగా నొప్పి మొదలవడంలో ఆడా మగా తేడా అంత పెద్దది కాదు, మొదలైన నొప్పి తగ్గకుండా పాతుకుపోవడంలోనే తేడా అంతా ఉంది. అంటే అడగాల్సిన ప్రశ్న ఎందుకొచ్చింది అన్నది కాదు, ఎందుకు పోలేదు అన్నది. జవాబులో కొంత హార్మోన్లలో ఉండొచ్చు. కొంత మా ఇళ్ళల్లో ఉందని నేనంటాను, నా దగ్గర అధ్యయనం ఏమీ లేదు, మా స్టాఫ్ రూము ఉంది.

పన్నులో ఏమీ లేకపోయినా పన్నెందుకు లాగింది, చెవిలో ఏమీ లేకపోయినా చెవెందుకు పోటెక్కింది అన్నదానికి మాత్రం జవాబు బాగా తెలుసు. ముఖం మొత్తం నుంచి నొప్పి కబుర్లు మోసుకెళ్ళే ట్రైజెమినల్ నరం తల అడుగున, మెడ మొదట్లో ఒక కూడలికి చేరుతుంది. మెడ పైభాగం నుంచి వచ్చే నరాలూ ఆ కూడలికే వస్తాయి. చెంపలో నమిలే కండరం అలిసి అరిస్తే, అరుపు ఎవరిదో పైనున్న మెదడు పోల్చుకోలేక పన్నుదనో చెవిదనో అనుకుంటుంది. ఇలా మంచి పళ్ళకి రూట్ కెనాల్ చేయించుకున్నవాళ్ళు ఎందరో. నొప్పి నెలల తరబడి సాగితే ఆ కూడలిలో వాల్యూమ్ పెరిగిపోతుంది, అప్పుడు మామూలు తాకిడి కూడా నొప్పిగానే వినిపిస్తుంది. అందుకే ‘‘టెన్షన్ తగ్గించుకోండమ్మా, అంతా మీ మనసులో ఉంది’’ అన్న మాట నాకు అరగదీసిన యంత్రం కంటే ఎక్కువ కోపం తెప్పిస్తుంది. నరాల్లో కొలవగలిగిన మార్పుని మనసులో ఉంది అంటే ఎలా? మనసుకీ నొప్పికీ సంబంధం లేదనడం లేదు, ఉంది, చాలా ఉంది. కానీ ఆ మాట అనే డాక్టర్ దాన్ని వైద్యం మొదలుపెట్టడానికి అనడం లేదు, నన్ను గదిలోంచి పంపించడానికి అంటున్నాడు.

ఇక నైట్ గార్డు, అంటే రాత్రిళ్ళు పళ్ళకి పెట్టుకునే తొడుగు. నా దగ్గర రెండున్నాయి, ఒకటి నాలుగున్నర వేలు, ఒకటి ఏడు వేలు. మీరు రాత్రిళ్ళు పళ్ళు నూరుతున్నారు, అందుకే నొప్పి అని ఇచ్చారు. మావారిని అడిగితే నూరడం తానెప్పుడూ వినలేదన్నారు, గురక మాత్రం పెడతావన్నారు, అది వేరే విషయం. న్యూయార్క్‌లో కరెన్ రాఫెల్ అనే పరిశోధకురాలి బృందం 2012లో చేసిన పని చూడండి. దవడ కండరాల నొప్పి ఉన్న 124 మంది ఆడవాళ్ళనీ, లేని 46 మందినీ నిద్ర ల్యాబులో తీగలు తగిలించి పడుకోబెట్టారు. పళ్ళు నూరేవాళ్ళు రెండు గుంపుల్లోనూ పదిలో ఒకరే. నూరుతున్నామని నమ్మేవాళ్ళు మాత్రం నొప్పి గుంపులో చాలామంది, డాక్టర్లు చెప్పారు కాబట్టి. గార్డు పళ్ళు అరగకుండా కాపాడుతుంది, అది నిజం, అందుకోసం పెట్టుకుంటే పెట్టుకోండి. నొప్పికి మందుగా దానికి దొరికిన సాక్ష్యం చాలా పలచన.

2023 డిసెంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ దీర్ఘకాలిక దవడ నొప్పికి మార్గదర్శకాలు వేసింది. వాటి వెనక 153 పరీక్షలు, 8,713 మంది రోగులు, 59 రకాల వైద్యాలు. గట్టిగా చెయ్యమని చెప్పినవి ఏమిటో తెలుసా? ఫిజియోథెరపిస్టు దగ్గరుండి చేయించే దవడ వ్యాయామాలు, మెడ, భుజాల భంగిమ సరిచేసే వ్యాయామాలు, చేత్తో కండరాల ముడులు నొక్కి వదిలించడం, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే మాటల వైద్యం, ఇంట్లో చేసుకునే సాగదీతలు, ఫర్వాలేదని రోగికి ధైర్యం చెప్పడం. వద్దని గట్టిగా చెప్పినవాటిలో పళ్ళ కలయికని శాశ్వతంగా మార్చేసే స్ప్లింట్లు అనే తొడుగులు, బిళ్ళ తీసేసే ఆపరేషన్ ఉన్నాయి. తీసి పెట్టుకునే మామూలు గార్డులూ, బొటాక్స్ సూదులూ, కీలు కడిగే ప్రక్రియా కూడా వద్దనే అన్నారు, కాకపోతే కాస్త మెత్తగా.

మొదటి జాబితా ఇంకోసారి చదవండి. అందులో ఏ ఒక్కదానికీ పెద్ద బిల్లు వెయ్యడం కుదరదు. కూర్చోబెట్టి అరగంట మాట్లాడాలి, చేత్తో పట్టి చూపించాలి, మళ్ళీ వారం రమ్మనాలి. ఒక కుర్చీ, రోజుకి ఇరవై మంది రోగులు, బ్యాంకు లోను మీద కొన్న మెషీన్లు ఉన్న క్లినిక్కులో అది జరగదు. జరిగేది పావుగంటలో అయిపోయేది, రసీదు మీద పేరు రాయగలిగేది. మాటల వైద్యం అయితే గుంటూరులో తెలుగులో చేసేవాళ్ళ కోసం నేను మూడు నెలలు తిరిగాను.

అసలు దవడ ఎవరిది అన్న తగువు కూడా ఉంది. 1840లో బాల్టిమోర్‌లో మొదటి డెంటల్ కాలేజీ మెడికల్ కాలేజీకి బయట పెట్టారు, అప్పట్నుంచీ నోరు ఒక వైపు, మిగతా ఒళ్ళంతా ఒక వైపు. మనకీ 1948లో పళ్ళ డాక్టర్లకి వేరే చట్టం వచ్చింది, దాని కింద వేరే కౌన్సిల్ వచ్చింది. పన్ను అయితే పళ్ళ డాక్టర్ది, చెవి అయితే చెవి డాక్టర్ది, మెడ అయితే ఎముకల డాక్టర్ది, ఈ మూడూ కలిసే చోట ఉన్న కీలు ఎవరి ఖాతాలోనూ పడదు. అమెరికాలో ముఖం నొప్పిని డెంటల్ స్పెషాలిటీగా గుర్తించింది 2020లో. అదే ఏడాది నేషనల్ అకాడమీస్ అనే వాళ్ళ శాస్త్రవేత్తల సంస్థ వేసిన పెద్ద నివేదిక కూడా ఈ గోడ వల్లే రోగులు నలిగిపోతున్నారని మొత్తుకుంది. మన దగ్గర ఇప్పటికైతే ఓరల్ మెడిసిన్, అంటే నోటి జబ్బుల వైద్యం, చదివినవాళ్ళని వెతుక్కోవడం మేలు. డెంటల్ కాలేజీ ఆస్పత్రుల్లో ఆ విభాగం ఉంటుంది, చీటీ ఖర్చు తక్కువ, చెప్పేది వింటారు. నేను చివరికి బాగుపడిన దారి అదే.

ఆ విభాగం బయట బెంచీ మీద ఒక ఆటో అన్న పరిచయమయ్యాడు. రెండు వేళ్ళు కూడా నోట్లో పట్టడం లేదు. మామూలుగా ఎవరి వేళ్ళు వాళ్ళవి నిలువుగా మూడు పట్టాలి. నాలాంటిదే అనుకున్నాను. కాదు, పదిహేనేళ్ళ గుట్కా. వక్క వల్ల లోపలి బుగ్గలు తోలులా గట్టిపడిపోయాయి, కీలు బాగానే ఉంది. దానికి వైద్యం వేరు, క్యాన్సర్ భయం వేరు. అలాగే చిన్నపిల్లలు గడ్డం మీద పడినప్పుడు కీలు దగ్గర ఎముక విరిగి, ఎవరూ గమనించక, మెల్లగా కీలు అతుక్కుపోతుంది. మన దేశంలో ఇలాంటి పిల్లలు చాలామందే ఉన్నారు, వాళ్ళకి ఆపరేషనే దారి. నడిస్తే దవడ లాగి, ఆగితే తగ్గే నొప్పి అయితే గుండె చూపించుకోవాలి. కాబట్టి ఆపరేషన్లన్నీ మోసం, డాక్టర్లంతా దొంగలు అని నేననడం లేదు. ఎవరికి ఏమిటో తేల్చకముందే, వెనక్కి తీసుకోలేని పని చెయ్యకండి అంటున్నాను, అంతే. మేడ కట్టేటప్పుడు గోడ కూలగొట్టాలంటే పది మందిని అడుగుతాం. పన్ను విషయంలో అంత మాత్రం అడగమా?

నా మాటకి ఒక ఎదురు మాట ఉంది, అది ఒప్పుకోవాలి. ఈ పరీక్షలు చాలావరకు చిన్నవి, కొన్ని వారాలో నెలలో సాగినవి, మార్గదర్శకాల వాళ్ళే సాక్ష్యం అంత గట్టిది కాదని చాలా చోట్ల రాసుకున్నారు. వ్యాయామాలు కూడా ఉత్తుత్తి వైద్యంలాగే పని చేస్తున్నాయేమో అని మావారు వాదిస్తారు (ఆయన లెక్కల లెక్చరర్, ఊరుకోరు). కావచ్చు. అయితే నోరు సాగదీసి నేను మోసపోతే నాకు పోయేది రోజుకి పది నిమిషాలు.

ఫిజియోథెరపిస్టు అమ్మాయి మా స్టూడెంట్ల వయసుది. మొదటి రోజు, ‘‘మేడం, మీరు ఇప్పుడు కూడా పళ్ళు బిగబట్టి ఉన్నారు, చూసుకోండి’’ అంది. చూసుకున్నాను, నిజమే. తినేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పై పళ్ళూ కింది పళ్ళూ కలవకూడదట. రోజు మొత్తం కూడినా ఇరవై నిమిషాల లోపే తగలాలట. నేను పేపర్లు దిద్దుతూ, బస్సులో నిలబడి, సాంబారు కలుపుతూ కూడా పళ్ళు కలిపే ఉంచేదాన్ని. ‘‘న అనండి, నాలుక అక్కడే ఆపేయండి, పెదాలు మూసి పళ్ళు వదిలేయండి’’ అంది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ‘‘ఏ న అమ్మా? మన న దంత్యం, నాలుక పంటికే తగులుతుంది. ణ మూర్ధన్యం, నాలుక వెనక్కి పోతుంది. నువ్వు చెప్పే చోటు ఇంగ్లీషు ఎన్‌ది’’ అన్నాను. ఆ పిల్ల ఒక నిమిషం ఆలోచించి, ‘‘ఏ న అయినా సరే మేడం, పళ్ళు మాత్రం కలవకూడదు’’ అంది. క్లాసులో ఇంత మంచి జవాబు ఎవరూ చెప్పలేదు నాకు.

నొప్పి పూర్తిగా పోలేదు. వాల్యుయేషన్ రోజుల్లో వస్తుంది, ఉప్పు మూట కాపడం పెడతాను, తొందరగా పడుకుంటాను, పోతుంది.

మా వదినకి ఇదంతా చెప్పడానికి నాకు ఐదు నెలలు పట్టింది. ఆవిడకి అరగదీత తర్వాత నొప్పి తగ్గకపోగా పళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదన్నారు, ఆరు పళ్ళకి క్యాపులు వేసి మొత్తం సరిచేస్తామని చెప్పారట, ఆ తారీఖు దగ్గర పడితే గానీ నాకు నోరు పెగల్లేదు. వినేసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘‘నువ్వు మాత్రం కావాలని చెప్పావా’’ అన్నారు. తారీఖు రద్దు చేయించి ఇద్దరం కలిసి ఆ డెంటల్ కాలేజీకి వెళ్ళాం. అప్పట్లో ఆవిడకి రెండు వేళ్ళే పట్టేవి. ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసుకుని ఇద్దరం వ్యాయామం చేస్తున్నాం, ఎవరి అద్దం ముందు వాళ్ళం. నిన్న ‘‘రెండున్నర’’ అన్నారు.